దివాలా – దగా : కంపెనీ డైరెక్టర్ల నేరబాధ్యత

అప్పులు తీర్చలేక చేతులెత్తినవానిని గురించి తెలుగునాట 'ఐ.పి. పెట్టినాడు' అని చెప్పుకొనుట పరిపాటి. ఈ పొడి అక్షరములు 'ఇన్సాల్వెన్సీ పిటిషన్' అను ఆంగ్లపదములకు సంకేతములని ఆ మాట వాడువారిలో పలువురకు తెలియదు. ఐ.పి. పెట్టుట యనగా న్యాయస్థానమును ఆశ్రయించి తన అశక్తతను విన్నవించుకొనుట. అది చట్టసమ్మతమైన చర్య. అయినను జనవ్యవహారమున దానికి 'కుచ్చుటోపీ పెట్టుట' అను అర్థమే స్థిరపడినది. ఉర్దూ భాషలో ఈ విషయమునకు రెండు మాటలున్నవి. ఏమియు లేనివాడు 'ముఫ్లిస్'. అప్పులు చెల్లించలేక వ్యాపారము మూసినవాడు 'దివాలియా'. మొదటి మాట వినినపుడు జాలి కలుగును. రెండవ మాట వినినపుడు అనుమానము పొడసూపును. ఆ అనుమానము ఎప్పుడు న్యాయము, ఎప్పుడు అన్యాయము? కంపెనీ దివాలా తీసినపుడు దానిని నడిపిన డైరెక్టర్లు ఎప్పుడు దురదృష్టవంతులు, ఎప్పుడు నేరస్థులు? ఈ ప్రశ్నకు చట్టము చెప్పు సమాధానమును మా విద్యార్థులకు, ముఖ్యముగా వాణిజ్యశాస్త్రము చదువువారికి, సులభముగా వివరించుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

కంపెనీ యనగా ఎవరు?

వ్యక్తి అప్పు చేసినచో ఆ అప్పు అతని ఇంటిని, పొలమును వెంబడించును. కంపెనీ సంగతి వేరు. చట్టము దృష్టిలో కంపెనీ తన వాటాదారులకంటె, డైరెక్టర్లకంటె భిన్నమైన ఒక కృత్రిమ వ్యక్తి. 1897 లో ఇంగ్లండు ప్రభువుల సభ 'సాలమన్' అను చెప్పుల వ్యాపారి వ్యాజ్యములో ఈ సూత్రమును స్థిరపరచినది. కంపెనీలోని వాటాలన్నియు దాదాపు ఒక్క మనిషివే అయినను, కంపెనీ అప్పు ఆ మనిషి అప్పు కాదని దాని సారాంశము. మన దేశపు కంపెనీ చట్టములన్నియు ఈ పునాదిమీదనే లేచినవి.

ఈ సూత్రము లేనిదే పెద్ద పరిశ్రమలు పుట్టియుండెడివి కావు. వేయి రూపాయలు పెట్టి వాటా కొన్నవాడు ఆ వేయి రూపాయలకు మించి నష్టపోడను భరోసాయే అపరిచితుల సొమ్మును ఒకచోట చేర్చినది. కాని కవచము యోధునికెంత రక్షణ నిచ్చునో, దొంగకును అంతే రక్షణ నిచ్చును. కంపెనీకి చేతులు లేవు, సంతకము లేదు, మనస్సు లేదు. దాని చేయి డైరెక్టరు చేయి. దాని మనస్సు డైరెక్టర్ల బోర్డు. కనుక కవచము మాటున మోసము జరిగినపుడు దానిని తొలగించి లోపలి మనిషిని పట్టుకొనవలసి వచ్చినది. నేరబాధ్యతకు మూలమిదియే.

వైఫల్యము నేరము కాదు

అప్పు తీర్చలేకపోవుటయే నేరమని తలచిన కాలమొకటి ఉండెను. 1542 లో ఇంగ్లండులో చేయబడిన మొదటి దివాలా చట్టము దివాలా తీసినవానిని నేరస్థునిగనే చూచినది. క్రమముగా ప్రపంచము ఆ అభిప్రాయమును విడిచినది. ఫ్రాన్సు దేశమువారు రెండు వేరు మాటలు వాడుచు ఈ భేదమును స్పష్టము చేసికొన్నారు. వ్యాపారము విఫలమగుట 'ఫయ్యిత్'; మోసపూరితముగా దివాలా తీయుట 'బాంక్‌రూత్'. మొదటిదానికి శిక్ష లేదు, రెండవది నేరము.

ఈ భేదము మన ప్రాంతమువారికి కొత్త కాదు. సనత్‌నగరులోని ఆల్విన్ కర్మాగారము ఒకప్పుడు రిఫ్రిజిరేటర్లకు, బస్సులకు, చేతి గడియారములకు పేరుపొందినది. తరువాత నష్టములలో మునిగి, 1990 దశకములో దాని రిఫ్రిజిరేటర్ల విభాగము వోల్టాస్ చేతికి పోయినది. బాలానగరు, జీడిమెట్ల, మేడ్చలు మార్గములలోను, మా కంటోన్మెంటు బొల్లారమునకు పేరులో మాత్రమే బంధువైన జిన్నారము వైపు పారిశ్రామికవాడ బొల్లారములోను తలుపులు మూసిన చిన్న కర్మాగారములను చూడవచ్చును. గిరాకీ తగ్గుట, కరెంటు కొరత, ముడిసరుకు ధర పెరుగుట, పెద్ద కొనుగోలుదారు సకాలమున సొమ్ము చెల్లించకపోవుట – వీటిలో ఏ ఒక్కటైనను నిజాయితీపరుడైన యజమానిని కూల్చగలదు. అట్టివానిని జైలుకు పంపినచో రేపు ఎవరును పరిశ్రమ పెట్టుటకు సాహసింపరు. నేరము కావలెనన్నచో నష్టము చాలదు. దగా చేయవలెనను ఉద్దేశము ఉండవలెను.

దగా జరుగు తీరు

ఒక ఊహా కంపెనీని తీసికొందము. ఇనుప గొట్టములు చేయు ఆ కంపెనీ బ్యాంకునుండి 10 కోట్ల రూపాయల ఋణము పొందినది. వ్యాపారము కుంటుపడినది. ఇక నిలువదని డైరెక్టర్లకు తెలిసినది. అప్పుడు వారు ఐదు పనులు చేసినారనుకొందము.

మొదటిది: ముడిసరుకు కొరకు అడ్వాన్సు అను పేర 3 కోట్ల రూపాయలను బంధువు పేరనున్న మరియొక సంస్థకు పంపినారు. సరుకు ఏనాడును రాలేదు. రెండవది: 2 కోట్లు విలువ చేయు యంత్రమును బావమరిదికి 20 లక్షలకు అమ్మినారు. మూడవది: ఇరువదిమంది సరఫరాదారులకు బాకీ ఉండగా, వారినందరిని కాదని, మామగారి అప్పు కోటి రూపాయలను మాత్రము తీర్చినారు. నాలుగవది: గోదాములో లేని సరుకును ఉన్నట్లు లెక్కలలో వ్రాసి బ్యాంకుకు చూపినారు. ఐదవది: తలుపులు మూయుటకు రెండు నెలలముందు, చెల్లించలేమని తెలిసియు, ఒక చిన్న వ్యాపారివద్ద 50 లక్షల సరుకు అరువు తెచ్చినారు.

సామాన్యుడు ఈ ఐదింటిని ఒకే గాటకట్టి 'బోర్డు తిప్పివేసినారు' అనును. చట్టము మాత్రము ఒక్కొక్కదానిని వేరుచేసి చూచును. ఈ వేరుచేయుటయే వివరముగా తెలిసికొనవలసిన విషయము.

చట్టము ఏమి చెప్పుచున్నది?

2016 లో పార్లమెంటు చేసిన దివాలా స్మృతి ప్రకారము కంపెనీ చెల్లింపులలో తప్పినపుడు ఋణదాతగాని, కంపెనీయే గాని జాతీయ కంపెనీ చట్ట ట్రైబ్యునలును ఆశ్రయింపవచ్చును. అర్జీ స్వీకరింపబడిన వెంటనే డైరెక్టర్ల బోర్డు అధికారము నిలిచిపోవును. పరిష్కార నిపుణుడను వ్యక్తి కంపెనీ పగ్గములు చేపట్టి వెనుకటి లెక్కలు తిరగవేయును.

మామగారికి చెల్లించిన కోటి రూపాయలు 'పక్షపాతపు చెల్లింపు'. బంధువర్గమునకు చేసిన చెల్లింపులను రెండేండ్లు, ఇతరులకు చేసినవానిని ఒక సంవత్సరము వెనుకకు పోయి ట్రైబ్యునలు పరిశీలించి, సొమ్ము వెనుకకు రప్పింపగలదు. అయితే ఇది తనంతట తాను నేరము కాదు. అప్పు నిజమైనదే, వరుస తప్పినది, అంతియే. యంత్రమును తక్కువ ధరకు అమ్ముట మొదట 'విలువ తగ్గించిన వ్యవహారము' అగును. అది ఋణదాతలను వంచించుటకే జరిగినచో 69వ సెక్షను క్రింద నేరమై, ఒకటి మొదలు ఐదేండ్లవరకు జైలుశిక్షకు దారితీయును. తమకు వంచనోద్దేశము లేదని డైరెక్టర్లు ఋజువు చేసికొన్నచో, లేక ఆ బదిలీ దివాలా ప్రక్రియ ఆరంభమునకు ఐదేండ్లకు పూర్వము జరిగినదైనచో, శిక్ష తప్పును.

లేని సరుకును ఉన్నట్లు వ్రాయుట లెక్కల తారుమారు; దివాలా ప్రక్రియ ఆరంభమైన నాటినుండి చేసినదైనచో అది 71వ సెక్షనులోనిది. ఆస్తిని, పుస్తకములను దాచుట 68వ సెక్షనులోనిది. దివాలా ప్రక్రియ మొదలగుటకు ముందటి పండ్రెండు మాసములలో చేసిన దాపరికము కూడ దీని క్రిందికి వచ్చును. ఈ రెండింటికిని మూడు మొదలు ఐదేండ్లవరకు జైలు, లేక లక్ష మొదలు కోటి రూపాయలవరకు జరిమానా, లేక రెండును విధింపవచ్చును. బంధువు సంస్థకు మళ్లించిన 3 కోట్లకును, చెల్లించలేమని తెలిసి తెచ్చిన అరువు సరుకునకును 66వ సెక్షను వర్తించును. దాని క్రింద ట్రైబ్యునలు 'మీ స్వంత జేబునుండి కంపెనీకి చెల్లింపుడు' అని డైరెక్టర్లను ఆదేశింపగలదు. మునుగుట తప్పదని తెలిసియు, లేక తెలిసికొనవలసియుండియు, ఋణదాతల నష్టమును తగ్గించుటకు తగిన జాగ్రత్త తీసికొనని డైరెక్టరునకు గూడ ఇది అన్వయించును. ఇట్టి 'దోషపూరిత వ్యాపారము' అను భావనను ఇంగ్లండు 1986 నాటి దివాలా చట్టములో ప్రవేశపెట్టినది.

ఇచ్చట ఒక భేదము గుర్తుంచుకొనవలెను. ట్రైబ్యునలు సొమ్ము రాబట్టగలదు గాని జైలుకు పంపజాలదు. దివాలా స్మృతిలోని నేరములను విచారించునది ప్రత్యేక న్యాయస్థానము. అదియు దివాలా బోర్డుగాని, కేంద్ర ప్రభుత్వముగాని, కేంద్రము అధికారమిచ్చిన వ్యక్తిగాని ఫిర్యాదు చేసిననే. మోసపోయిన సరఫరాదారు నేరుగా ఆ తలుపు తట్టజాలడు. ఇది చిన్నవారికి కష్టము కలిగించు నియమమే. కాని ప్రతి బాకీదారు కోపముతో డైరెక్టరును బోనులో నిలబెట్టకుండ కాపాడునదియు అదియే.

అయితే ఇతర ద్వారములు మూసివేయబడలేదు. 2013 నాటి కంపెనీల చట్టములోని 447వ సెక్షను 'మోసము'ను నిర్వచించి, పెద్ద మోసములకు ఆరు మాసములు మొదలు పదేండ్లవరకు జైలును, మోసపు సొమ్మునకు తగ్గకుండ, దానికి మూడింతలకు మించకుండ జరిమానాను విధించుచున్నది. ప్రజాప్రయోజనము దెబ్బతిన్నచో కనీసశిక్ష మూడేండ్లు. వీనికి తోడు సామాన్య శిక్షాస్మృతి ఉన్నది. 1860 నాటి భారత శిక్షాస్మృతిలో నమ్మకద్రోహము 409, వంచన 420, లెక్కల తారుమారు 477ఎ. 2024 జూలై 1 నుండి అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఇవియే 316, 318, 344 సెక్షనులైనవి. చెల్లని చెక్కు విషయములో 2021 లో సుప్రీముకోర్టు మరియొక ఊరట కలిగించినది. దివాలా ప్రక్రియ కొనసాగునంతకాలము కంపెనీపై చెక్కు కేసు నిలిచిపోయినను, దానికి బాధ్యులైన డైరెక్టర్లపై కేసు నిలిచిపోదని ఆ తీర్పు. కంపెనీ కొత్త యజమాని చేతికి పోయి పాత నేరములనుండి విముక్తి పొందినను, ఆ నేరములు చేసిన పాత డైరెక్టర్లకు విముక్తి లేదని 32ఎ సెక్షను స్పష్టపరచుచున్నది.

సత్యం నేర్పిన పాఠము

మన నగరమువారు ఈ విషయమును పుస్తకములలోకంటె ముందు కండ్లారా చూచినారు. 1987 లో స్థాపింపబడిన సత్యం కంప్యూటర్ సర్వీసెస్ హైదరాబాదునకు గర్వకారణమై, యాబదివేలకు పైగా ఉద్యోగులు గల సంస్థగా ఎదిగినది. 2008 డిసెంబరులో తన కుటుంబమువారి మైటాస్ సంస్థలను సుమారు 160 కోట్ల డాలర్లకు కొనుటకు నిర్ణయించి, వాటాదారుల ఆగ్రహముతో ఆ నిర్ణయమును వెనుకకు తీసికొన్నది. 2009 జనవరి 7న ఛైర్మను బి. రామలింగరాజు బోర్డుకు వ్రాసిన లేఖలో అసలు సంగతి బయటపడినది. లెక్కలలో చూపిన నగదు, బ్యాంకు నిలువలలో 5,040 కోట్ల రూపాయలు అసలు లేవు. రాని వడ్డీ 376 కోట్లు వచ్చినట్లు చూపబడినది. 1,230 కోట్ల అప్పు లెక్కలకు ఎక్కలేదు. రావలసిన బాకీలు 490 కోట్లు ఎక్కువచేసి వ్రాయబడినవి. అన్నియు కూడినచో 7,136 కోట్లు.

సత్యం దివాలా తీయలేదు. కేంద్ర ప్రభుత్వము పాత బోర్డును తొలగించి కొత్త డైరెక్టర్లను నియమించినది. 2009 ఏప్రిలులో టెక్ మహీంద్రా ఆ సంస్థను చేపట్టుటకు ఎంపికైనది. సకాలమున ఈ జోక్యము లేకున్నచో ఆ నెల జీతముల గతి ఏమైయుండెడిదో ఊహింపవచ్చును. దివాలా లేకున్నను దగా నేరమేనని ఈ కేసు చెప్పుచున్నది. దగా లేని దివాలా నేరము కాదన్న ముందటి మాటకు ఇది రెండవ ముఖము.

ఆ శిక్షల చరిత్రయు గమనింపదగినది. 1956 నాటి కంపెనీల చట్టము క్రింద గంభీర మోసముల దర్యాప్తు కార్యాలయము పెట్టిన కేసులలో 2014 డిసెంబరులో పడిన శిక్ష ఆరు మాసములు. సి.బి.ఐ. శిక్షాస్మృతి క్రింద నడిపిన కేసులో 2015 ఏప్రిల్ 9న హైదరాబాదులోని ప్రత్యేక న్యాయస్థానము విధించిన శిక్ష ఏడేండ్లు. మరుసటి నెలలోనే అప్పీలు విచారణలో ఆ శిక్ష నిలుపుదలయై ముద్దాయిలకు జామీను లభించినది. ఏ అవకతవకకు పాత కంపెనీ చట్టము ఆరు మాసములతో సరిపెట్టినదో, అట్టిదానికి 2013 చట్టము పదేండ్లవరకు పోయినది. ఆ మార్పు వెనుక సత్యం నీడ స్పష్టముగా ఉన్నది.

మా విద్యార్థులు మిక్కిలి శ్రద్ధతో చదువవలసిన అంశము మరియొకటి కలదు. 2015 లో దోషులుగా నిర్ణయింపబడినవారు పదిమంది. వారిలో ఛైర్మను, ఆయన సోదరులిద్దరు, ముఖ్య ఆర్థికాధికారి, ఇద్దరు ఆడిటర్లు ఉన్నారు. మిగిలిన నలుగురు? ఒకరు అంతర్గత ఆడిటు అధిపతి. ముగ్గురు ఆర్థిక విభాగములో పనిచేసిన ఉద్యోగులు. వారు సామ్రాజ్యములు కోరినవారు కారు, జీతమునకు పనిచేసినవారు. అయినను పదిమందికిని ఏడేండ్ల శిక్షయే. 'పైవారు చెప్పినారు, నేను వ్రాసినాను' అను మాట నేరన్యాయస్థానములో రక్షణ కాదు.

సికింద్రాబాదులోని మరియొక సంస్థ, డెక్కన్ క్రానికల్ హోల్డింగ్స్, నిజముగనే దివాలా ప్రక్రియలోనికి పోయినది. కెనరా బ్యాంకు అర్జీపై 2017 జూలైలో హైదరాబాదు ట్రైబ్యునలు ఆ ప్రక్రియను ఆరంభించినది. 2019 లో పరిష్కార ప్రణాళికకు ఆమోదము లభించినది. ఋణముల కొరకు లెక్కలు తారుమారు చేసినారను ఆరోపణలపై దర్యాప్తు సంస్థలు వేరుగా కేసులు పెట్టినవి. ఆరోపణ ఋజువగువరకు నేరము కాదు గనుక వాని గుణదోషములలోనికి మేము పోవుట లేదు. దివాలా ప్రక్రియ ఒక దారిని, నేరవిచారణ మరియొక దారిని, రెండును విడివిడిగా నడచునని చూపుటకే దీనిని ప్రస్తావించినాము.

డైరెక్టరు ఎవరు?

బోర్డులో పేరున్నంత మాత్రమున ప్రతివాడును నేరస్థుడగునా? కాదు. కంపెనీ చేసిన నేరమును దాని అధిపతిపై యాంత్రికముగా మోపరాదని, అతడు స్వయముగా పాల్గొన్నట్లు, నేరోద్దేశము కలిగియున్నట్లు తగిన సాక్ష్యము ఉండవలెనని, లేదా చట్టమే ఆ బాధ్యతను స్పష్టముగా మోపియుండవలెనని 2015 జనవరిలో సునీల్ భారతీ మిత్తల్ కేసులో సుప్రీముకోర్టు తీర్పు చెప్పినది. స్వతంత్ర డైరెక్టరు తనకు తెలిసి, తన సమ్మతితో, లేక తన అలసత్వమువలన జరిగినవానికే బాధ్యుడని 149వ సెక్షను చెప్పుచున్నది. 'అలసత్వము' అను మాటను గమనింపవలెను. తేనీరు త్రాగి, చూడకయే మినిట్సుపై సంతకము చేసి వచ్చుట రక్షణ కాదు.

ఇది పెద్దల సంగతి అనుకొనరాదు. డ్రైవరును, గుమాస్తాను, పేద బంధువును కాగితముమీద డైరెక్టరుగా నిలిపి వెనుకనుండి చక్రము తిప్పువారు ఎందరో కలరు. నెలకు నాలుగైదు వేల రూపాయల ఆశ చూపి, ఆధారు నకలు, ఫొటో, నాలుగు సంతకములు తీసికొందురు. 2017 లో వరుసగా మూడేండ్లు లెక్కలు దాఖలు చేయని కంపెనీలపై ప్రభుత్వము చర్య తీసికొన్నపుడు, అనర్హులైన డైరెక్టర్ల సంఖ్య మూడు లక్షలు దాటినది. తామొక కంపెనీకి డైరెక్టర్లమను సంగతి నోటీసు వచ్చిన తరువాతనే తెలిసిన అమాయకులు ఇట్టి సందర్భములలో ఉండకపోరు. తనకు తెలియదని ఋజువు చేసికొన్నవానికి శిక్ష తప్పవచ్చును. కాని ఆ ఋజువునకు పట్టు ఏండ్లను, వకీలు ఖర్చును ఎవరు తిరిగి ఇత్తురు?

కనుక పట్టా పుచ్చుకొని ఉద్యోగములలో చేరబోవు మా విద్యార్థులకు కొన్ని మాటలు. చదువని కాగితముపై సంతకము చేయరాదు. డైరెక్టరుగా చేరుమని ఎవరైన ఆహ్వానించినచో ముందు ఆ కంపెనీ లెక్కలను చూడవలెను. ఎవరి పేరైనను కంపెనీ వ్యవహారాల శాఖ రికార్డులో పరిశీలింపవచ్చును. లేని బిల్లును వ్రాయుమని అధికారి ఆదేశించినచో ఆ ఆదేశమును వ్రాతపూర్వకముగా కోరవలెను. ఆ కోరికతోనే చాలా ఆదేశములు ఆగిపోవును. బోర్డులో అభ్యంతరమున్నచో నోటిమాటతో సరిపెట్టక మినిట్సులో వ్రాయించవలెను. కంపెనీలో పనిచేయుచు అది మూతపడినచో భయపడి ఊరకుండరాదు: భవిష్యనిధి, గ్రాట్యుటీ నిధులు ఋణదాతల పంపకములోనికి రావు. లిక్విడేషనులో కార్మికుల గత ఇరువదినాలుగు మాసముల బాకీకి తాకట్టు పెట్టుకొన్న బ్యాంకుతో సమానమైన స్థానము కలదు. కాని క్లెయిము గడువులోపల దాఖలు చేసినవారికే ఆ హక్కు అక్కరకు వచ్చును.

దివాలాలో మొదట మునుగునది డైరెక్టరు కాదు. ఆయనకు వేరొక ఇల్లు, వేరొక పేరున వేరొక సంస్థ ఉండవచ్చును. మొదట మునుగునది మూడు నెలల జీతము రాని మెషిను ఆపరేటరు, అరువు సరుకు ఇచ్చిన చిన్న దుకాణదారు, పదవీవిరమణ సొమ్మును వాటాలలో పెట్టిన వృద్ధుడు. ఓడిన వ్యాపారిని చట్టము క్షమించవలెను. అతనికి మరల లేచి నిలబడు అవకాశము ఇయ్యవలెను. కాని ఓటమిని ముసుగుగా వేసికొని వీరి సొమ్ము హరించినవానిని క్షమించుట దయ కాదు, వీరి యెడ చేయు రెండవ అన్యాయము. ఆ ముసుగు వెనుకనున్న ముఖము ఏదో తేల్చునవి లెక్కల పుస్తకములు. వానిని వ్రాయబోవు చేతులు మన విద్యార్థులవి గనుక, ఈ విషయమును వారు ఇప్పుడే తెలిసికొనుట మేలని మా విశ్వాసము.